పాలపళ్ళే కదా అని వదిలేయకండి!
(చంటిపిల్లల, పసిపిల్లల దంత సంరక్షణ)



హాస్టల్ వార్షికోత్సవ సంచికలో చంటిపిల్లల పళ్ళ గురించి వ్యాసం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఈ సంచిక ఎవరి చేతుల్లోకి వెళుతుందో ఒక్కసారి ఆలోచిస్తే ఆ సందేహం తీరిపోతుంది. ఇక్కడ చదివి వెళ్ళి ఉపాధ్యాయులుగా, కానిస్టేబుళ్ళుగా, నర్సులుగా, డ్రైవర్లుగా, ప్రైవేటు ఉద్యోగులుగా స్థిరపడిన వారిలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు పాలు తాగే పిల్లలున్నారు. ప్రస్తుతం హాస్టల్లో ఉంటున్న వారికి ఇంటి దగ్గర చిన్న తమ్ముడో, చెల్లెలో, అక్క బిడ్డో, అన్న కొడుకో ఉంటారు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళితే, అమ్మానాన్నలు కూలికి వెళ్ళి వచ్చేదాకా ఆ పసివాళ్ళను ఎత్తుకుని తిప్పేది మనమే. కాబట్టి ఈ పాఠం మనకోసమే.

భారత దంతవైద్య మండలి 2002-03లో జరిపిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో మన దేశంలోని 5 ఏళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి పుచ్చిపళ్ళు ఉన్నట్టు తేలింది. అంటే ఇంకా ఒకటో తరగతికి రాకముందే ఇద్దరిలో ఒకరికి పన్ను పుచ్చిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 51 కోట్ల మంది పిల్లలు పాలపళ్ళ పుచ్చుతో బాధపడుతున్నారు. ఇంతమందిని బాధపెట్టే ఈ జబ్బు దాదాపు పూర్తిగా నివారించదగినది. అందుకు కావలసింది డబ్బు కాదు, తెలివిడి.

పాలపళ్ళు ఎందుకంత ముఖ్యం?

"ఊడిపోయే పళ్ళే కదా, పుచ్చితే ఏమైంది? కొత్తవి వస్తాయిగా!" మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కువగా అనే మాట ఇది. ఈ ఒక్క మాట వల్లే ఎంతోమంది పిల్లలు రాత్రుళ్ళు పంటి నొప్పితో ఏడుస్తున్నారు.

ముందు పాలపళ్ళు దాదాపు ఆరేళ్ళ వయసులో ఊడడం మొదలవుతుంది. కానీ వెనక ఉండే దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. రెండేళ్ళకు వచ్చిన పన్ను మూడేళ్ళకే పుచ్చితే, మిగిలిన ఏడెనిమిదేళ్ళు బిడ్డ దేనితో నమలాలి? నమలలేని పిల్లవాడు అన్నం, కూర, జొన్నరొట్టె వదిలేసి మెత్తటివీ తియ్యటివీ అడుగుతాడు. బరువు పెరగడు. నొప్పితో నిద్రపోడు. చదువు మీద ధ్యాస నిలవదు. "వీడు ఏమీ తినడు, ఊరికే మారాం చేస్తాడు" అని మనం కసురుకుంటాం. వాడి నోరు తెరిచి చూసేవారుండరు.

పాలపన్ను మరో పని కూడా చేస్తుంది. తన కింద దవడ ఎముకలో తయారవుతున్న శాశ్వత దంతానికి అది చోటు కాపాడుతుంది. పాలపన్ను ముందే ఊడిపోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్నుకు దారి లేక వంకరగా, ఎత్తుగా వస్తుంది. పాలపన్ను వేరు దగ్గర చీము పడితే ఆ చీము కింద ఉన్న శాశ్వత దంతం మీద కూడా మచ్చ, గుంట మిగల్చవచ్చు. ఇక మాటల సంగతి. 'త', 'ద', 'స' వంటి అక్షరాలు పలకడానికి ముందు పళ్ళ సాయం కావాలి.

ఏ పన్ను ఎప్పుడు వస్తుంది?

పాలపళ్ళు మొత్తం 20. పై దవడకు 10, కింది దవడకు 10. జీవశాస్త్రం పాఠంలో మనం చదువుకున్న కుంతకాలు 8, రదనికలు 4, చర్వణకాలు 8. పాలపళ్ళలో అగ్రచర్వణకాలు ఉండవు. ఈ పళ్ళు బిడ్డ పుట్టాక తయారయ్యేవి కావు. తల్లి కడుపులో ఆరో వారం నుంచే వాటి నిర్మాణం మొదలవుతుంది. గర్భిణి తినే తిండి, వేసుకునే మందులు బిడ్డ పళ్ళ మీద ప్రభావం చూపేది ఇందుకే.

సుమారుగా పళ్ళు వచ్చే వరుస ఇది:

కింది దవడ మధ్య పళ్ళు: 6 నుంచి 10 నెలలు
పై దవడ మధ్య పళ్ళు: 8 నుంచి 12 నెలలు
వాటి పక్క పళ్ళు: 9 నుంచి 16 నెలలు
మొదటి దవడ పళ్ళు: 13 నుంచి 19 నెలలు
కోరపళ్ళు: 16 నుంచి 23 నెలలు
రెండో దవడ పళ్ళు: 23 నుంచి 33 నెలలు

రెండున్నర, మూడేళ్ళు నిండేసరికి 20 పళ్ళూ వచ్చేస్తాయి. నెల అటూ ఇటూ అయితే కంగారు పడనక్కరలేదు. ఏడాది దాటినా ఒక్క పన్నూ రాని పిల్లలు కూడా ఉంటారు. ఏడాదిన్నరకు కూడా రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. ఆరేళ్ళ వయసులో చివరి పాలపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను నిశ్శబ్దంగా వస్తుంది. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండవలసిన మొదటి శాశ్వత దంతం. అది కూడా పాలపన్నేనని పొరబడి చాలామంది తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోరు. హాస్టల్లో పన్ను నొప్పి అని చెంప పట్టుకుని కూర్చున్న వాడి నోట్లో చూడండి. చాలాసార్లు పుచ్చి ఉండేది ఆ పన్నే.

పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు అవుతాయా?

ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి.

"పళ్ళు వస్తున్నాయి, అందుకే విరేచనాలు. అవే తగ్గుతాయి" అనే నమ్మకం మన ఊళ్ళలో బలంగా ఉంది. ఇది నిజం కాదు. పన్ను చిగురును చీల్చుకుని వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు కాస్త వాస్తుంది, బిడ్డ చికాకు పడుతుంది, చేతికి దొరికింది కొరుకుతుంది. అంతే. విరేచనాలు అయ్యేది పన్ను వల్ల కాదు. ఆ ఆరేడు నెలల వయసులోనే బిడ్డ పాకడం మొదలుపెట్టి, నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. తల్లిపాలతో పాటు పై ఆహారం, పై నీళ్ళు అప్పుడే మొదలవుతాయి. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి కూడా అప్పటికి తగ్గుతుంది. సూక్ష్మజీవులు కడుపులోకి పోయేది అలా. రెండూ ఒకే సమయంలో జరుగుతాయి కాబట్టి నింద పన్ను మీద పడుతోంది.

ఈ పొరపాటు ఖరీదు ఒక్కోసారి బిడ్డ ప్రాణం. పళ్ళ వల్లే అనుకుని రెండు రోజులు ఊరుకుంటే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమని ఉంటే అన్ని నీళ్ళలోనే, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ఆశా కార్యకర్త దగ్గరా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, జింకు బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. జింకు 14 రోజులు వేయాలి. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం కనబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది కూడా పళ్ళ జ్వరం కాదు. కారణం వేరే ఉంటుంది.

చిగురు దురదకు శుభ్రంగా కడుక్కున్న వేలితో మెల్లగా రుద్దడం, చల్లటి నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కొరకనివ్వడం చాలు. మందుల షాపులో అమ్మే మొద్దుబార్చే జెల్లులు రాయవద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే బెంజోకెయిన్ రెండేళ్ళ లోపు పిల్లల రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గించే ప్రమాదం ఉందని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చిగురు మీద తేనె రాయడం, తేనె నాకించడం ఏడాది లోపు పిల్లలకు అసలే పనికిరాదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి వల్ల వారికి బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పన్నులో పురుగు ఉండదు. సంతలో చెవి దగ్గర పుల్ల పెట్టి పన్ను పురుగు తీసి చూపించేవారిది చేతివాటం మాత్రమే. మరి ఏం జరుగుతుంది?

నోట్లో ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనేది ముఖ్యమైనది. మనం తీపి తిన్న ప్రతిసారీ అవి కూడా తింటాయి. చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. నోటి పి.హెచ్. 5.5 కంటే కిందకు పడిపోతే పంటి మీది పింగాణి పొర నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. తర్వాత అరగంటకో, ఇంకాస్త సేపటికో లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి అతికిస్తుంది. ఇది కరగడం, అతకడం అనే రెండు వైపుల త్రాసు లాంటిది.

దీన్నిబట్టి ఒక సూత్రం తేలుతుంది. ఎంత తీపి తిన్నామన్నది ఒక ఎత్తు, ఎన్నిసార్లు తిన్నామన్నది మరో ఎత్తు. ఒక లడ్డు భోజనంతో పాటు ఒక్కసారి తినేస్తే పంటి మీద దాడి ఒక్కసారే. అదే లడ్డును పొద్దంతా కొంచెం కొంచెం కొరుకుతూ తిరిగితే దాడి పదిసార్లు. అతికించడానికి లాలాజలానికి వ్యవధే ఉండదు. పైగా పాలపంటి పింగాణి పొర శాశ్వత దంతం పొరకంటే పలచన. అందుకే పిల్లల్లో పుచ్చు నెలల్లోనే లోపలి నరం దాకా దిగిపోతుంది.

ఈ సూక్ష్మజీవులు బిడ్డకు ఎక్కువగా ఇంట్లోని పెద్దవాళ్ళ ఉమ్మి ద్వారానే చేరుతాయి. ఒకే చెంచా నోట్లో పెట్టుకుని బిడ్డకు పెట్టడం, కింద పడిన పాలపీకను మనం చప్పరించి ఇవ్వడం, నమిలి పెట్టడం మానాలి. అంతకంటే ముఖ్యం, తల్లి తన పుచ్చిపళ్ళకు ముందే వైద్యం చేయించుకోవడం. తల్లి నోరు శుభ్రంగా ఉంటే బిడ్డ నోరు సగం శుభ్రంగా ఉన్నట్టే.

సీసా, బిస్కెట్, సిరప్

పసిపిల్లల పుచ్చుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. పై దవడ ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర తెల్లగా, తర్వాత గోధుమరంగుగా, చివరకు నల్లటి మొక్కల్లా మారతాయి. కింది ముందు పళ్ళు మాత్రం బాగానే ఉంటాయి. కారణం ఏమిటంటే, సీసాలో పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డ నోట్లో పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కడుగుతూ ఉంటుంది. నిద్రలో లాలాజలం ఊరడం కూడా తగ్గిపోతుంది. కాబట్టి రాత్రంతా నోట్లో పెట్టిన సీసా పంటికి పెద్ద శత్రువు.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. ఆ తర్వాత పై ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుచ్చు భయంతో ఏ తల్లీ తల్లిపాలు మాన్పకూడదు. పళ్ళు వచ్చాక రాత్రి పాలు తాగిన బిడ్డ చిగుళ్ళను, పళ్ళను తడి గుడ్డతో తుడవడం, పడుకునే ముందు తప్పక బ్రష్ చేయడం సరిపోతుంది. పై పాలు ఇవ్వవలసి వస్తే గిన్నె, చెంచాతో పట్టాలి. ఏడాది నిండాక గ్లాసు అలవాటు చేయాలి. పాలల్లో చక్కెర కలపకూడదు. చక్కెర లేని పాల రుచి బిడ్డకు తెలుసు, తెలియనిది మనకే.

మన తల్లిదండ్రుల కాలంలో చక్కెర పండగకు వచ్చే చుట్టం. అప్పటి పిల్లలకు తీపి కొనిపెట్టే స్తోమత లేకపోవడమే ఒక రకంగా పళ్ళను కాపాడింది. ఇప్పుడు ఏ మారుమూల తండాలోని కిరాణా కొట్టులో చూసినా అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు, చాక్లెట్లు, రంగు నీళ్ళ డబ్బాలు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఉద్యోగం వచ్చిన మన మిత్రులు "మేము చిన్నప్పుడు తినలేదు, మా బిడ్డయినా తినాలి" అని సాయంత్రం ఇంటికి వెళుతూ రోజూ ఒక ప్యాకెట్ తీసుకెళతారు. ఆ ప్రేమను ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అదే డబ్బుతో ఒక అరటిపండు, ఒక గుడ్డు, గుప్పెడు వేయించిన పల్లీల పొడి కలిపిన అన్నం పెట్టవచ్చు. (అయిదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.) రెండేళ్ళు నిండేదాకా పిల్లల ఆహారంలో చక్కెర కలపకపోవడం ఉత్తమం. బెల్లం, తేనె కూడా పంటికి చక్కెరే.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో చక్కెర ఉంటుంది కదా అని దాన్ని మాన్పవద్దు. అది బిడ్డ ఎదుగుదలకు అవసరం. వేళకు పెట్టి, తర్వాత రెండు చెంచాల నీళ్ళు తాగించండి. జ్వరం, దగ్గు సిరప్‌లు తియ్యగా ఉండేది చక్కెర వల్లే. మందు వేశాక కూడా నీళ్ళు తాగించాలి.

ఎలా శుభ్రం చేయాలి?

పళ్ళు రాకముందు: పాలు తాగాక శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డను కాచి చల్లార్చిన నీటిలో తడిపి, వేలికి చుట్టి చిగుళ్ళను మెల్లగా తుడవాలి. బిడ్డకు నోట్లో వేలు పెట్టనివ్వడం అలవాటైతే రేపు బ్రష్ కూడా పెట్టనిస్తుంది.

మొదటి పన్ను వచ్చిన రోజు నుంచి మూడేళ్ళ వరకు: మెత్తటి చిన్న బ్రష్‌తో రోజుకు రెండుసార్లు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత మాత్రమే.

మూడు నుంచి ఆరేళ్ళ వరకు: పేస్టు బఠాణీ గింజంత. ఉమ్మేయడం నేర్పాలి. ఉమ్మేశాక ఎక్కువ నీళ్ళతో పుక్కిలించనక్కరలేదు. కొద్దిగా పేస్టు పంటి మీద మిగలడం మంచిదే.

టీవీ ప్రకటనల్లో బ్రష్ నిండా అలలా పరిచి చూపించే పేస్టు పెద్దవాళ్ళకు కూడా అవసరం లేదు. అంత వాడితే డబ్బు వృథా, పిల్లలైతే మింగేస్తారు.

పేస్టు కొనేటప్పుడు పెట్టె మీద ఫ్లోరైడ్ ఎంత ఉందో చదవండి. మన దేశ నిబంధనల ప్రకారం అది 1000 పి.పి.ఎం. మించకూడదు, ఎంత ఉందో ముద్రించాలి. పుచ్చును ఆపడానికి 1000 పి.పి.ఎం. ఉన్న పేస్టు కావాలి. పిల్లల కోసమని బొమ్మలు వేసి అమ్మే కొన్ని పేస్టుల్లో ఇది చాలా తక్కువ. కాబట్టి ఖరీదైన పిల్లల పేస్టు కొనలేకపోతున్నామన్న బెంగ వద్దు. ఇంట్లో అందరూ వాడే మామూలు ఫ్లోరైడ్ పేస్టునే బియ్యపు గింజంత వాడవచ్చు.

బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి, కచ్చిక పొడి పసిపిల్లల పళ్ళకు పెట్టవద్దు. అవి పింగాణిని గీకేస్తాయి. వేపపుల్ల పెద్దవాళ్ళ చేతిలో మంచిదే, పసి చిగుళ్ళను మాత్రం గాయపరుస్తుంది. పొగాకు కలిపిన పళ్ళపొడి ఎవరూ వాడకూడదు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

బ్రష్ చేసే పద్ధతి: ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చోవాలి. బిడ్డ కాళ్ళు ఒకరి వైపు, తల మరొకరి ఒడిలో. తల ఉన్నవారు పెదవి ఎత్తి చిగురు అంచు దగ్గర చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దాలి. బిడ్డ ఏడిస్తే నోరు బాగా తెరుచుకుంటుంది, కంగారు పడవద్దు. ఒక్కరే ఉంటే బిడ్డను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుని చేయవచ్చు. రెండుసార్లలో ఒకదాన్ని వదిలేయవలసి వస్తే పొద్దుటిది వదలండి గానీ రాత్రిది వదలవద్దు.

పిల్లవాడు తనంతట తానే తోముకుంటానంటే తోముకోనివ్వండి. తర్వాత మీరు మరోసారి తోమండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా చేతివేళ్ళకు ఆ పనితనం రాదు. మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన చిన్న తమ్ముళ్ళ పక్కన నిలబడి పెద్ద తరగతుల అన్నలు, అక్కలు తోమడం నేర్పాలనేది ఇందుకే. బ్రష్‌లు ఒకరివి ఒకరు వాడకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఫ్లోరైడ్ మందా, విషమా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల నుంచి, అటు కనిగిరి ప్రాంతం నుంచి వచ్చినవారు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. "ఫ్లోరైడ్ వల్లే మా ఊళ్ళో నడుములు వంగిపోయాయి, పళ్ళు గోధుమరంగుకు మారాయి. మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు వాడమంటారేం?" అని.

న్యాయమైన ప్రశ్న. జవాబు మోతాదులో ఉంది. పంటి పై నుంచి తగిలే కొద్దిపాటి ఫ్లోరైడ్ పింగాణిని గట్టిపరుస్తుంది. తాగే నీళ్ళతో ఏళ్ళ తరబడి కడుపులోకి పోయే ఎక్కువ ఫ్లోరైడ్ పంటినీ ఎముకనూ పాడుచేస్తుంది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో.

ఇక్కడ పసిపిల్లల సంగతి ఎందుకు వచ్చిందంటే, శాశ్వత ముందు పళ్ళ పింగాణి చిగురు లోపల తయారయ్యేది పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదేళ్ళ లోపు. ఆ వయసులో తాగిన నీళ్ళ గుర్తు ఏడేళ్ళకు పన్ను బయటపడినప్పుడు మచ్చగా కనిపిస్తుంది. పన్ను పూర్తిగా తయారయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా ఆ మచ్చ కొత్తగా రాదు. కాబట్టి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో చంటిపిల్లలకు, గర్భిణులకు సరఫరా అయ్యే నదీజలాలో, పరీక్షించిన శుద్ధినీరో ఇవ్వాలి. బోరు నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది. అటువంటి ఊళ్ళలో ఆరేళ్ళ లోపు పిల్లలకు పేస్టు మోతాదు గురించి దంతవైద్యుణ్ణి అడిగి వాడడం మంచిది.

మరో మాట. హాస్టల్లో అలాంటి మచ్చలున్న పళ్ళను చూసి "వీడు పళ్ళు తోముకోడు" అని ఎగతాళి చేయడం, ఆ పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మనలో చాలామందికి తెలుసు. ఆ మచ్చ వాళ్ళ అశుభ్రత వల్ల వచ్చింది కాదు. నాలుగేళ్ళ వయసులో తాగడానికి మరో నీళ్ళు లేకపోవడం వల్ల వచ్చింది. ఎంత రుద్దినా పోదు. ఇంకొకరి పంటి మీద మచ్చ చూసి నవ్వే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

బిడ్డ పై పెదవిని మెల్లగా ఎత్తి, వెలుతురులో చిగురు అంచు వెంట చూడండి. సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదటి మెట్టు. ఈ దశలో గుంట ఉండదు, నొప్పి ఉండదు, వెనక్కి తిప్పవచ్చు. తీపి తగ్గించి, ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోమితే, డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే అది ఆగిపోతుంది. గోధుమరంగు గుంట పడితే సిమెంటు నింపాలి. నరం దాకా పోతే వేరు వైద్యమో, పన్ను తీసేయడమో చేయాలి. మెట్టు దిగిన కొద్దీ ఖర్చు, బాధ పెరుగుతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే చూసుకోవడం మేలు.

బిడ్డకు ఏడాది నిండేలోగా ఒకసారి దంతవైద్యునికి చూపించాలి. డ్రిల్లు చేయకుండానే పుచ్చును ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం కూడా ఉంది. పుచ్చిన చోట నల్లగా మారుతుంది గానీ పుచ్చు ఆగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఖర్చుకు భయపడవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. అవి చూడవలసిన వాటిలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. ఆ బృందం వచ్చినప్పుడు పిల్లవాడి నోరు చూడమని మనమే అడగాలి. జిల్లా ఆస్పత్రుల్లో దంత విభాగాలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్యశాలలున్నాయి. చెంప వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. పుచ్చుపంటిలో లవంగ నూనె పోసి, నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకూడదు.

ఆడుకుంటూ పడి పాలపన్ను ఊడిపోతే దాన్ని తిరిగి పెట్టకూడదు. కింది దంతం దెబ్బతింటుంది. ఏడేళ్ళు దాటిన పిల్లల శాశ్వత దంతం ఊడితే మాత్రం పారేయవద్దు. వేరును ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, మట్టి అంటితే కొన్ని క్షణాలు నీటితో కడిగి, వెంటనే అదే చోట పెట్టాలి. వీలుకాకపోతే పాలల్లో వేసి గంటలోపు దంతవైద్యుని దగ్గరికి చేరాలి. కబడ్డీ ఆడే మన హాస్టల్ పిల్లలందరికీ ఇది తెలిసి ఉండాలి.

సందేహాలు, సమాధానాలు

పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమా?
కాదు. కొందరిలో వరుస మారుతుంది, అంతే. మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చు.

పుట్టుకతోనే పన్ను ఉంటే?
రెండు, మూడు వేల మందిలో ఒకరికి ఉంటుంది. అరిష్టం కాదు. వదులుగా ఉండి ఊడిపడుతుందనిపించినా, పాలు తాగడానికి అడ్డమైనా డాక్టరు తీసేస్తారు. ఇంట్లో లాగవద్దు.

"ఒక్కో కాన్పుకు ఒక్కో పన్ను పోతుంది" అంటారు. నిజమా?
బిడ్డ తల్లి పంటిలోంచి కాల్షియం లాక్కోదు. గర్భిణికి వాంతుల వల్ల, చిగుళ్ళ వాపు వల్ల, తోముకోవడం తగ్గడం వల్ల పళ్ళు పాడవుతాయి. గర్భంతో ఉన్నప్పుడు కూడా పంటి వైద్యం చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మరింత అనువు. గర్భిణి, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు టెట్రాసైక్లిన్ మందు వాడితే పిల్లల పళ్ళ రంగు శాశ్వతంగా మారవచ్చు. అందుకే షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకూడదు.

ఐరన్ సిరప్ వేస్తే పళ్ళు నల్లబడ్డాయి. ఆపేయాలా?
ఆపవద్దు. రక్తహీనతకు అది అవసరం. ఆ నలుపు పై పూతే. సిరప్‌ను నాలుక వెనక భాగంలో వేసి, నీళ్ళు తాగించి, తోమితే తగ్గుతుంది.

వేలు చప్పరిస్తే పళ్ళు ఎత్తవుతాయా?
చాలామంది రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య తామే మానేస్తారు. ఆ తర్వాత కూడా సాగితే ఎత్తయ్యే ప్రమాదం ఉంది. వేలికి కారం రాసి, వాత పెట్టి మాన్పించవద్దు. మెల్లగా మరిపించాలి.

వచ్చే సెలవుల్లో మనం చేయవలసిన పని

1. ఇంటికి వెళ్ళగానే చిన్నవాళ్ళ పెదవి ఎత్తి చూడండి. తెల్లటి గీత, గుంట ఉంటే అమ్మకు చూపించండి.
2. రాత్రి పడుకునే ముందు మీరు తోముకుంటూ వాళ్ళను పక్కన నిలబెట్టి తోమించండి. పిల్లలు చెప్పింది వినరు, చూసింది చేస్తారు.
3. సీసా ఉంటే గిన్నె, చెంచా వైపు మళ్ళించమని వదినకో అక్కకో చెప్పండి. దండించినట్టు కాకుండా నచ్చజెప్పండి.
4. హాస్టల్ నుంచి వెళుతూ చిన్నవాళ్ళకు చాక్లెట్ బదులు ఒక చిన్న బ్రష్ కొనుక్కెళ్ళండి.
5. వీధిలో ఎవరి బిడ్డకైనా విరేచనాలు అవుతుంటే, పళ్ళ వల్ల కాదని చెప్పి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ తెప్పించండి.

మన ఇళ్ళలో చాలామందికి చదువు మనతోనే మొదలైంది. అమ్మానాన్నలు మన మాట వింటారు, "మా వాడు చదువుకున్నాడు" అని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మార్కుల కాగితం చూపించడానికే కాక ఇటువంటి పనికి కూడా వాడుకోవాలి. ఇంట్లో ఒక బిడ్డ పుచ్చుపన్ను లేకుండా ఆరేళ్ళు నిండి బడికి వెళితే, అందులో మన చదువు వాటా కూడా ఉన్నట్టే. వార్షికోత్సవ శుభాకాంక్షలతో సెలవు.